స్లాటు దొరకని రోజుల్లో ఎల్ఎల్ఆర్ గడువులోపే లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి

ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకునేవారికి ముందుగా ఇచ్చే లర్నర్ లైసెన్సు, రాగానే చాలామంది దాన్ని ఫోనులో ఎక్కడో దాచుకుని మరిచిపోతారు. ఆరు నెలల గడువుంది కదా అన్న ధీమా. విజయవాడలో పంతొమ్మిదేళ్లుగా కారు నేర్పుతున్నాను. అయిదో నెలలో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "మాస్టారూ, డ్రైవింగ్ పరీక్ష స్లాట్లన్నీ నిండిపోయాయి. ఎల్ఎల్ఆర్ ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతుంది. ఏం చేయమంటారు?" అప్పటికి నా చేతిలో ఏమీ ఉండదు. ఆ మాట పైకి చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు నాలుగు తేదీలు

ఎల్ఎల్ఆర్ వచ్చిన రోజే గోడ మీది క్యాలెండర్ దగ్గర నిలబడి నాలుగు తేదీలకు గుర్తు పెట్టండి. ఉదాహరణకు జనవరి 10న వచ్చిందనుకుందాం. అది మొదటి తేదీ. ముప్పై రోజులు నిండే ఫిబ్రవరి 9 రెండోది. అంతకుముందు పరీక్షకు వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. నాలుగోది జూలై 9, అంటే ఎల్ఎల్ఆర్ గడువు ముగిసే రోజు. మధ్యలో ఉన్న మూడోది మీకు మీరే పెట్టుకోవాల్సిన తేదీ, ఏప్రిల్ 10. ఆ రోజు దాటకముందే మొదటిసారి పరీక్ష ట్రాక్ ఎక్కి ఉండాలి.

మూడు నెలల హద్దు ఎందుకంటే, పరీక్ష తప్పితే మళ్లీ వెళ్లాలి కాబట్టి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకసారి తప్పినవారు ఏడు రోజుల తర్వాతే మళ్లీ పరీక్షకు రావాలి. కాగితం మీద ఏడు రోజులే. కానీ స్లాటుకు మూడు నాలుగు వారాలు ఆగాల్సిన కాలంలో అది నెల అవుతుంది. మూడుసార్లూ తప్పితే అరవై రోజులు ఆగాలి, పైగా 2019 సవరణ ప్రకారం తప్పులు దిద్దుకునే శిక్షణ కూడా పూర్తి చేయాలి. అయిదో నెలలో మొదటిసారి వెళ్లినవారికి ఉండేది ఒకే ఒక్క అవకాశం. మూడో నెలలో వెళ్లినవారికి రెండు మూడు ఉంటాయి.

గడువు దాటితే మళ్లీ మొదటి నుంచీ కొత్త ఎల్ఎల్ఆర్ తెచ్చుకోవాలి. కరోనా కాలంలో కేంద్రం వాహన పత్రాల గడువును పలుమార్లు పొడిగించి, చివరికి 2021 అక్టోబరు 31 వరకు చెల్లుబాటు ఇచ్చింది. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ "ఎలాగూ పొడిగిస్తారు" అనేవాళ్లున్నారు. అది ఆ రెండేళ్ల విపత్తుకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎప్పుడు ఖాళీగా ఉంటారు

మనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పని ట్రాక్ దగ్గర నిలబడి ఎనిమిది ఆకారంలో బండి నడిపించి చూడటం ఒక్కటే కాదు. రోడ్డు మీద లారీలు, బస్సులు ఆపి తనిఖీ చేయాలి. ప్రమాదం జరిగితే ఆ బండిని పరిశీలించి నివేదిక రాయాలి. ఎన్నికలొస్తే వాహనాల సేకరణలో రవాణా శాఖదే పెద్ద భారం. ఖాళీ అయిన పోస్టు భర్తీ కాకపోతే ఆ పని కూడా ఉన్నవారి నెత్తినే పడుతుంది. ఒక కార్యాలయంలో రోజుకు ఎన్ని స్లాట్లు ఇవ్వాలన్నది, పరీక్ష చేసే చేతులు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతుంది. చేతులు తగ్గితే స్లాట్లు తగ్గుతాయి, వరస పెరుగుతుంది.

వారి పని ఒత్తిడి ఏ నెలల్లో పెరుగుతుందో తెలుసుకుంటే మీ తేదీ ఎంచుకోవడం సులువవుతుంది. మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ధ్రువపత్రం గడువు మే 15తో ముగుస్తుంది. అక్కడి నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా ఇన్‌స్పెక్టర్లకు ఆ బస్సుల టైర్లు, అత్యవసర ద్వారాలు, అగ్నిమాపక సిలిండర్లు తనిఖీ చేసే పని కూడా తోడవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్ పూర్తయిన పిల్లలు, సెలవులకు ఇంటికొచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు లైసెన్సు కోసం బయలుదేరతారు. అడిగేవారు పెరిగే కాలంలోనే చేసేవారు తగ్గుతారన్నమాట. సంక్రాంతి ముందు ప్రైవేటు బస్సుల తనిఖీలుంటాయి. అనుకోకుండా వచ్చేవీ ఉంటాయి. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయి ప్రయాణికులు చనిపోయిన తర్వాత రాష్ట్రమంతటా ట్రావెల్స్ బస్సుల మీద తనిఖీలు మొదలయ్యాయి. ఆ తనిఖీలు జరగాల్సినవే. మీ పరీక్ష ఒక వారం వెనక్కి పోయినా నేను వాటిని తప్పుపట్టను. అయితే ఆ వారం నష్టాన్ని తట్టుకునే వెసులుబాటు మీ క్యాలెండర్‌లో ముందే ఉండాలి.

వీలైతే ఎల్ఎల్ఆర్‌ను జూలై, ఆగస్టు నెలల్లోనో, నవంబరులోనో తీసుకోండి. పిల్లవాడికి పద్దెనిమిది నిండేది ఏప్రిల్‌లో అయితే, మేలో తొందరపడకుండా జూన్ చివర దరఖాస్తు పెట్టినా పోయేదేమీ లేదు. తొందరపడి లైసెన్సు లేకుండా బండి ఇస్తే మాత్రం పోయేది చాలా ఉంది. నడిపినవారికి 5,000 రూపాయలు, బండి ఇచ్చిన యజమానికి మరో 5,000. నడిపింది మైనరైతే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది.

దరఖాస్తులోనే సగం పని

లైసెన్సు దరఖాస్తుల వెబ్‌సైటు అయిన సారథి పోర్టల్‌లో ఎల్ఎల్ఆర్ దరఖాస్తు నింపేటప్పుడు మూడు విషయాలు ఆలోచించండి. మొదటిది ఫోను నంబరు. ఎవరు నింపినా సరే, నంబరు మీదే ఉండాలి. ఏజెంటు తన నంబరు పెడితే ఓటీపీలు, స్లాటు మార్పు సందేశాలు అన్నీ అతనికే వెళతాయి. మీ పరీక్ష తేదీ మారిన సంగతి మీకే తెలియదు.

రెండోది బండి తరగతి. కారు, మోటారు సైకిల్ రెండూ కావాలనుకుంటే రెండింటికీ ఒకేసారి పెట్టండి. విడివిడిగా పెడితే రెండుసార్లు వరసలో నిలబడాలి. ఇంట్లో స్కూటరే ఉన్నా గేరున్న మోటారు సైకిల్ తరగతే ఎంచుకోండి. దానితో గేరు లేనిదీ నడపవచ్చు, గేరు లేని లైసెన్సుతో గేరున్న బండి నడపకూడదు. టాక్సీ నడపాలనుకునేవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. దాని కోసం వేరే పరీక్షకు ఎదురుచూడనక్కరలేదు.

మూడోది కార్యాలయం. రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారికైనా దరఖాస్తు చేసుకోవచ్చని 2019 సవరణ చెబుతోంది. విజయవాడలో రద్దీగా ఉంటే గుడివాడ, నందిగామ వైపు చూడండి. గుంటూరు వాళ్లు తెనాలి వైపు చూడవచ్చు. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి అక్కడికి వెళ్లి, స్లాటు ఎన్నాళ్లకు దొరుకుతోందని ట్రాక్ బయట నిలబడ్డవారిని అడగండి. ఆ వారం అక్కడ పరీక్షకు వెళ్లి వచ్చినవాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక్క జాగ్రత్త, ట్రాక్ దూరమైతే మీ బండిని అక్కడిదాకా తీసుకెళ్లాలి. ఎల్ఎల్ఆర్‌తో హైవే ఎక్కకండి, లైసెన్సున్న మనిషి చేత నడిపించుకుని వెళ్లండి.

నలభై దాటినవారికి డాక్టరు ధ్రువపత్రం, అంటే ఫారం 1ఏ కావాలి. దాన్ని ముందే తెచ్చిపెట్టుకోండి. రుసుముల విషయానికొస్తే, కేంద్ర నిబంధనల్లో ఎల్ఎల్ఆర్ ఒక్కో తరగతికి 150, ఆ పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్ష ఒక్కో తరగతికి 300, లైసెన్సు జారీకి 200 రూపాయలు. రాష్ట్ర సేవా రుసుము దీనికి అదనం. మీ ఏజెంటు చెప్పిన మొత్తాన్ని ఈ లెక్కతో పోల్చి చూడండి.

స్లాటు పట్టుకోవడం

ముప్పై రోజులు నిండిన మర్నాడు ఉదయమే పోర్టల్ తెరవండి. దొరికిన మొదటి తేదీని, అది కాస్త అసౌకర్యంగా ఉన్నా, తీసుకోండి. తర్వాత ఇంకా ముందు తేదీ ఖాళీ అయితే మార్చుకునే వీలు పోర్టల్‌లోనే ఉంటుంది. ఏ తేదీ చేతిలో లేకుండా మంచి తేదీ కోసం వెతికేవారే చివరికి ఏదీ లేకుండా మిగులుతారు.

రోజుకు రెండుసార్లు చూడండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఊరికి వెళ్లాల్సి వచ్చినవారు, జ్వరం వచ్చినవారు వదులుకున్న స్లాట్లు మధ్యలో కనిపిస్తుంటాయి. మన దగ్గర ఇంకొక సంగతి ఉంది. అష్టమి, నవమి, అమావాస్య రోజుల్లో ముఖ్యమైన పని పెట్టుకోవడానికి చాలామంది ఇష్టపడరు. మిగతా వారమంతా నిండిపోయినా ఆ ఒక్క రోజు ఖాళీలు ఉండటం నేను చాలాసార్లు చూశాను. మీకు పట్టింపు లేకపోతే ముందు పంచాంగం చూసి, తర్వాత పోర్టల్ చూడండి.

"అయిదు వేలు ఇస్తే వచ్చే వారానికి స్లాటు ఇప్పిస్తాను" అనేవారు కనిపిస్తారు. పోర్టల్‌లో వారికి కనిపించే స్లాట్లే మీకూ కనిపిస్తాయి. మీరు డబ్బిచ్చి కొంటున్నది పదిసార్లు చూసే ఓపికను మాత్రమే. అది మీకే ఉంటే ఆ అయిదు వేలతో మరో పది రోజులు కారు నేర్చుకోవచ్చు.

ఇక గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల మాట. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అలాంటి కేంద్రంలో కోర్సు పూర్తి చేసినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. కారుకు 29 గంటల కోర్సు, 8 గంటలు పాఠాలు, 21 గంటలు బండి మీద. కానీ మీ వీధి చివరి డ్రైవింగ్ స్కూలు, నా స్కూలుతో సహా, ఆ కోవలోకి రాదు. మేమిచ్చే ఫారం 5 అనే శిక్షణ పత్రంతో పరీక్ష తప్పదు. మినహాయింపు ఇచ్చేది ఫారం 5బి. 2024 జూన్ నుంచి ఎవరికీ పరీక్షే ఉండదని ఒక వార్త ఊరంతా తిరిగింది. కేంద్ర మంత్రిత్వ శాఖ అలాంటి మార్పేమీ లేదని అప్పుడే స్పష్టం చేసింది. "మా దగ్గర చేరితే పరీక్ష లేదు" అని ఎవరైనా అంటే, ఫారం 5బి ఇస్తారా అని ఒక్క ప్రశ్న అడగండి.

మొదటిసారికే దాటడం

వరసను తప్పించుకునే నిజమైన దారి ఇదొక్కటే. తప్పిన ప్రతి మనిషీ మళ్లీ అదే వరసలో చేరతాడు, వెనకవారి తేదీని కూడా వెనక్కి నెడతాడు. నేర్చుకోకుండా ట్రాక్ ఎక్కడమంటే పక్కవారి స్లాటు కూడా తినేయడమే.

మోటారు సైకిల్‌కు ఎనిమిది ట్రాక్. ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో రెండు సున్నాలు కలిపి గీసుకోండి. మొదటి గేరు, సగం క్లచ్, వెనక బ్రేకు మీద తేలికగా పాదం. చాలామంది చూపు ముందు చక్రం మీదే పెడతారు, అందుకే రెండు సున్నాలు కలిసే చోట తడబడి కాలు కింద పెడతారు. కాలు నేలను తాకితే తప్పినట్టే. చూపు తర్వాతి మలుపు మీద ఉండాలి. బండి చూపు వెంటే వస్తుంది. ముగ్గు చెరగకుండా వరసగా పదిసార్లు తిరగగలిగితే మీరు సిద్ధం.

కారులో హెచ్ ఆకారంలో ముందుకీ వెనక్కీ నడపడం కొంత సాధనతో వస్తుంది. ఎక్కువమంది తప్పేది ఎత్తు మీద. బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. ఆ మధ్య భవానీపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చేవారు, వయసు నలభై ఆరు. ఎత్తు అనగానే ఆమె చేతులకు చెమట పట్టేది. మన ఊళ్లో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఉన్నాయి. కట్టల మీదికి ఎక్కే చిన్న చిన్న వాలు దారులకు కొదవలేదు. తెల్లవారుజామున అయిదున్నరకు, జనం లేని అలాంటి ఒక వాలు మీద కారు ఆపించి, వెనక చక్రానికి బెత్తెడు దూరంలో ఒక ఖాళీ అగ్గిపెట్టె పెట్టాను. "అమ్మా, దీన్ని నలపకుండా పైకి తీసుకెళ్లండి" అన్నాను.

మొదటి రోజు అయిదు అగ్గిపెట్టెలు అప్పచ్చులయ్యాయి. ఆమె చేస్తున్నది అందరూ చేసేదే, భయంతో బ్రేకు వదలగానే యాక్సిలరేటర్ మీదికి దూకడం. రెండో రోజు యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నాను. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, క్లచ్‌ను గోరంత గోరంత వదలమన్నాను. ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేస్తుంది, సీటు కింద సన్నని వణుకు తెలుస్తుంది. అక్కడ పాదం ఆపి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. ఆ వణుకు పాదానికి తెలిసేదాకా ఇంకేమీ చేయించలేదు. నాలుగో రోజు పొద్దున కారు పైకి వెళ్లిపోయాక ఆమే దిగి వెనక్కి నడిచి వచ్చి, చెక్కుచెదరని అగ్గిపెట్టె తీసి చేతిసంచిలో వేసుకున్నారు. ఆ నెలలోనే మొదటిసారికే లైసెన్సు వచ్చింది.

సాధన చేసేటప్పుడు నిబంధన మరవకండి. పక్క సీటులో లైసెన్సున్న మనిషి ఉండాలి. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. మోటారు సైకిల్ మీదైతే నేర్పే మనిషిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు.

పరీక్ష రోజు

ముందు రోజు సాయంత్రమే బండిని చూసుకోండి. రెండు వైపులా ఇండికేటర్లు, బ్రేకు లైటు, హారన్, టైర్లలో గాలి. ఆర్సీ, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం గడువులో ఉన్నాయో లేదో తేదీలు చదవండి. అరువు బండి తెచ్చి, కాలుష్య పత్రం గడువు తీరిందని అక్కడ తెలిసి వెనుదిరిగినవారిని చూశాను. నెల రోజుల నిరీక్షణ కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఒక కాగితం దగ్గర ఆగిపోయింది.

మోటారు సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి. బూట్లూ వేసుకోండి. కాగితాలు అడిగే వరసలో పెట్టుకోండి. ఇన్‌స్పెక్టరు ఆ ఉదయం ఎండలో నిలబడి ఎంతోమందిని చూడాలి. మీ ఫైలు తడుముకోకుండా ఇస్తే ఆ నిమిషం వెనకవారికి మిగులుతుంది. బండి ఎక్కగానే అద్దాలు సరిచేసుకుని, సీటు బెల్టు పెట్టుకుని, ఆ తర్వాతే తాళం తిప్పండి.

ఒకసారి మా విద్యార్థులు నలుగురు వెళ్లిన రోజున, ఒక కార్యాలయంలో ఇన్‌స్పెక్టరును వేరే డ్యూటీకి పంపారని పదకొండు గంటలకు చెప్పారు. వారిలో ఇద్దరు సెలవు పెట్టి వచ్చినవారు. అలా జరిగితే గొడవపడకండి, ఊరికే ఇంటికీ వచ్చేయకండి. మీరు హాజరయ్యారనీ పరీక్ష జరగలేదనీ అక్కడే లిఖితపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పోర్టల్‌లో మిమ్మల్ని గైర్హాజరుగానో, తప్పినట్టుగానో చూపిస్తే సరిచేయించడానికి ఆ కాగితమే ఆధారం.

విదేశాలకు వెళ్లే పిల్లలకు

గుంటూరు, విజయవాడల నుంచి సెప్టెంబరు చదువులకు వెళ్లే పిల్లలు వీసా వచ్చాక ఆగస్టులో పరుగెత్తుకొస్తారు. అప్పటికి ముప్పై రోజులు కూడా మిగలవు. దరఖాస్తు చేసిన కాలేజీ నుంచి ఉత్తరం రాకముందే ఎల్ఎల్ఆర్ తీసుకోండి. అక్కడికి వెళ్లాక చూసుకుందామనుకుంటే అక్కడా వరసలే. బ్రిటన్‌లో 2020 మార్చిలో కరోనాతో పరీక్షలు ఆగిపోయాయి. తర్వాత పరీక్షకుల కొరత కూడా తోడై, ఈనాటికీ నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తోంది. మన లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు నడపవచ్చు. ఆ ఏడాదిలోపే అక్కడి పరీక్షకు తేదీ సంపాదించుకోవాలి. అంటే ఇక్కడి లైసెన్సు చేతిలో ఉంటే ఎదురుచూస్తూనే ఆ పన్నెండు నెలలూ బండి నడుపుకోవచ్చు. అంతర్జాతీయ పర్మిట్ కూడా ఇక్కడి రవాణా కార్యాలయంలోనే ఇస్తారు, రుసుము 1,000 రూపాయలు.

పోస్టులు ఖాళీగా ఉంటే అడగండి

స్లాటు దొరికాక మనం అసలు సంగతి మరిచిపోతాం, వెనకవారు మాత్రం అదే వరసలో ఉంటారు. రాష్ట్రంలోని రోడ్ల మీదికి ఎవరిని వదలాలో తేల్చే పరీక్ష ఇది. హడావుడిగా నిమిషంలో ముగించాల్సిన పరిస్థితి ఇన్‌స్పెక్టరుకు రాకూడదు. అందుకే లైసెన్సు వచ్చాక కూడా ఒక అరగంట వెచ్చించండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వవచ్చు. అంకెలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుముతో, జిల్లా రవాణా కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఇలా రాయండి:

"ఈ కార్యాలయానికి మంజూరైన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, సహాయ ఇన్‌స్పెక్టరు పోస్టులు ఎన్ని? ఈ రోజు నాటికి పనిచేస్తున్నవారు ఎంతమంది? గత పన్నెండు నెలల్లో నెలవారీగా ఇచ్చిన డ్రైవింగ్ పరీక్ష స్లాట్లు ఎన్ని, వాటిలో సిబ్బంది లేక రద్దయినవి ఎన్ని?"

ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే తర్వాతి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు నకలు, రసీదు భద్రంగా ఉంచుకోండి. జవాబు వచ్చాక ఆ అంకెలను అర్జీకి జతచేసి మళ్లీ సోమవారం వెళ్లండి.